కొత్త కంప్యూటర్ కొనే ముందు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలు 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రాలయ్యాయి. ఆ రోజుల్లో పిల్లల చదువు కోసం కొన్న కంప్యూటర్లు కొన్ని ఇళ్లలో నేటికీ పనిచేస్తున్నాయి. అయితే వాటిలోని విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతును 2025 అక్టోబర్ 14న ముగించింది. ఆనాటి ఇంటెల్ ప్రాసెసర్లు విండోస్ 11 అర్హత జాబితాలో లేవు. మరి పనిచేస్తున్న యంత్రాన్ని పక్కనబెట్టి, అప్పు చేసి కొత్తది తేవాలా?

ముందుగా చూడవలసింది యంత్రాన్ని కాదు, దానితో పడే పనిని. కళాశాలలో టాలీ, ఆటోక్యాడ్ వంటివి నేర్పుతుంటే విండోస్ ఉండడమే మేలు. అప్పుడు కనీసం 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ గల కంప్యూటర్‌ను అసలైన లైసెన్సుతో కొనాలి. అనుమతి లేని కాపీ వాడడం ఇతరుల హక్కును హరించడమే. పైగా వైరస్‌లు చొరబడే ప్రమాదమూ ఉంటుంది.

పాఠాలు వినడం, దరఖాస్తులు నింపడం, తెలుగు, ఉర్దూ టైపు చేయడం వరకే అయితే పాతదే సరిపోవచ్చు. లినక్స్ మింట్, ఉబుంటు ఉచితంగా లభిస్తాయి. హైదరాబాద్‌కు చెందిన ‘స్వేచ్ఛ’ తెలుగులోనే కనిపించే లినక్స్‌ను రూపొందించింది. మొదట పెన్‌డ్రైవ్ నుండి నడిపి, వైఫై, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో పరీక్షించండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత ఫైళ్లు చెరిగిపోవచ్చు గనుక సర్టిఫికెట్లు, ఫొటోలు ముందే వేరొకచోట భద్రపరచండి.

ఇలా మిగిలిన సొమ్ము బిడ్డల ఫీజుకు అక్కరకొస్తుంది.