గీతకు సాక్ష్యం

కోట ప్రాంతాన కడలిని చేరే స్వర్ణముఖి, కలంకారీకి పేరొందిన శ్రీకాళహస్తి మీదుగా ప్రవహించి వస్తుంది. అక్కడి కళాకారులు కరక్కాయ, పాలు పట్టించిన బట్టపై వెదురు కలంతో చిత్రిస్తారు. బెల్లపు నీట ఇనుమును ఊరబెట్టి చేసిన రంగు, కరక్కాయ సారంతో కలిసి నల్లగా స్థిరపడుతుంది. ఆ గీతను చెరపలేము. అటువంటి గీతకు చేయి తిరగాలంటే ముందుగా ఎన్నో గీతలు చెడిపోవలసిందే. ఈ కళకు అంకితమైన జొన్నలగడ్డ గురప్పశెట్టిని 2008లో పద్మశ్రీ వరించింది. పురస్కారం లోకానికి కనిపిస్తుంది; దాని వెనుకనున్న సాధన కనిపించదు.

కనుక విద్యార్థులారా! ఏడాదిగా మీరు వేసిన చిత్రాలలో బాగులేనివాటిని చించివేయకండి. ప్రతిదానిపై తేదీ వ్రాసి భద్రపరచుకోండి. తోటివారి చిత్రంతో పోల్చుకుంటే గర్వమో, దిగులో మిగులుతుంది. నిరుటి మీ చిత్రంతో పోల్చుకున్నప్పుడే ఏ లోపం తీరిందో, ఏది ఇంకా మిగిలి ఉన్నదో తెలుస్తుంది.