కత్తి పదును కూడా రైతు సమస్యే

సంక్రాంతి దగ్గర పడింది. అనకాపల్లి వైపు గానుగలు ఆడుతున్నాయి, చెరకు నరుకుడు ఊపందుకుంది. ఏటా ఈ రోజుల్లో గిట్టుబాటు ధర గురించి, ఫ్యాక్టరీ బకాయిల గురించి రాయడం మన పత్రికకు అలవాటు. వాటి మీద పోరాటం ఆగదు. ఈ నెల మాత్రం చిన్నదిగా కనిపించే ఒక విషయాన్ని సభ్యుల ముందు పెడుతున్నాం. అది మన చేతిలోని కత్తి.

గత సీజనులో మాలో కొందరం సంతలో కొత్త కత్తులు కొన్నాం. నున్నగా, తళతళలాడుతూ ఉన్నాయి. మొదటి రోజు మధ్యాహ్నానికే గడ మీద జారడం మొదలుపెట్టాయి. రోడ్డు పక్క షాపులో ఇస్తే హ్యాండ్ గ్రైండరుతో రెండు నిమిషాల్లో పదును పెట్టి ఇచ్చారు. వేలు పెడితే తెగేలా ఉంది. సాయంత్రానికి వాదర మడత పడింది. ఊళ్లో కమ్మరి పెద్దాయనకు చూపిస్తే వాదర వెంట ఉన్న నీలం మరక మీద వేలు పెట్టి, "ఇక్కడ ఉక్కు చచ్చిపోయింది బాబూ" అన్నాడు.

మొండి కత్తి వల్ల పోయేదేమిటో లెక్క వేసుకుందాం. గడలో తీపి ఎక్కువగా ఉండేది మొదట్లో. అందుకే నేల మట్టానికి నరకాలంటాం. కత్తి తెగకపోతే చెయ్యి తనంతట తానే పైకి పోతుంది, బరువైన మొదలు పొలంలోనే మిగిలిపోతుంది. ఒక దెబ్బకు తెగాల్సింది మూడు దెబ్బలు తింటే మోడు చీలుతుంది. చీలిన మోడులోకి నీరు, తెగులు చేరతాయి, కార్శి పిలకలు బలంగా రావు. అంటే ఈ ఏటి కత్తి వచ్చే ఏటి పంటను కూడా దెబ్బ తీస్తుంది. ఇక టన్ను లెక్కన నరికే కూలీకైతే పోయేది రోజు సంపాదన. భుజం, మణికట్టు నొప్పులు అదనం. తెగని కత్తిని బలం పెట్టి కొడతాం, అది జారితే వచ్చేది కాలి మీదకే.

సంత కత్తి రేకు నుంచి కోసి, పైపైన అంచు తీసి అమ్మకానికి పెట్టిన సరుకు. వాడే పని ఏమిటో దాన్ని చేసినవాడికి తెలియదు. కాబట్టి కొన్న కత్తిని పనికి తగ్గట్టు మళ్లీ మలుచుకోవాల్సిందే. కమ్మరుల దగ్గర విని, మేము చేసి చూసి నేర్చుకున్నది ఇది.

ముందు ఉక్కు పరీక్ష. వాదర మీద ఆకురాయి ఒకసారి లాగండి. మెత్తటి ఇనుము మీద పడ్డట్టు లోతుగా తినేస్తే ఆ కత్తికి పదును నిలవదు. అసలు తినకుండా గాజు మీద జారినట్టు జారితే మరీ పెళుసు, రాయి తగిలితే పెచ్చు లేస్తుంది. కష్టం మీద కొంచెం కొంచెంగా తినేదే పనికొచ్చే కత్తి.

తరువాత వాదర కోణం. కాగితం మూలను మూడు సమాన మడతలుగా మడిస్తే 30 డిగ్రీలు వస్తుంది. చెరకు, గడ్డి కోసే కత్తి వాదర రెండు వైపులా కలిపి అంత ఉంటే బాగుంటుంది. గట్టు మీద సర్కారు తుమ్మ కొట్టే కత్తికి అది చాలదు, వాదర విరుగుతుంది. దానికి 40 డిగ్రీల వరకు ఉంచాలి. అదే మూలను రెండుగా మడిస్తే వచ్చే 45 కంటే కాస్త తక్కువన్నమాట. రెండు పనులకూ ఒకే కత్తి వాడి, రెండూ సరిగా తెగడం లేదని తిట్టుకునేవాళ్లం మనలో చాలామందే ఉన్నాం.

అన్నిటికంటే ముఖ్యం వేడి. ఆకురాయితో, నీళ్ల సానతో చేస్తే ఉక్కుకు హాని లేదు. గ్రైండరు తప్పదనుకుంటే ఒకటి రెండు సార్లు లాగి నీళ్లలో ముంచాలి. చేత్తో ముట్టుకోలేనంత వేడి ఎక్కనివ్వకూడదు. ఉక్కు మీద ముందు గడ్డి రంగు వస్తుంది, తరువాత గోధుమ, ఊదా, చివరకు నీలం. నీలం వచ్చేసరికి వేడి సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది, అక్కడ ఉక్కు మెత్తబడుతుంది. ఆ భాగాన్ని అరగదీసి లోపలి గట్టి ఉక్కు దాకా పోవాలి, లేదా కొలిమిలో మళ్లీ కాల్చి పదును పట్టించాలి. ఇనుము కోసే పల్చటి డిస్కును పక్కవాటుగా పెట్టి నూరవద్దు, అది పగిలి మీదకు వస్తుంది. కళ్లద్దాలు లేకుండా గ్రైండరు ముట్టుకోవద్దు.

చివరగా పిడి. పిడి పక్కన రెండు అంగుళాల వాదర మొద్దుగానే ఉంచితే చెయ్యి జారినా వేళ్లు దక్కుతాయి. వెన్ను మీది పదునైన మూలలను ఆకురాయితో గుండ్రం చేయాలి. పిడి వదులైతే గుడ్డ చుట్టి సరిపెట్టకుండా, చీల మార్చి, పొన్ను బిగించాలి.

ఇదంతా చెప్పాక అసలు ప్రశ్న మిగిలే ఉంది. ఈ పని తెలిసిన కమ్మరి మన ఊళ్లో ఇంకెన్నాళ్లు ఉంటాడు? పాత లారీ కమాను పట్టాను కొలిమిలో కాల్చి, సమ్మెట దెబ్బలతో కత్తిగా మార్చి, మన పొలం పనిని బట్టి వంపు తిప్పే చెయ్యి అది. ఒకప్పుడు కళ్లంలో మేర కొలిచి ఇచ్చి ఏడాది పొడవునా పని చేయించుకునేవాళ్లం. ఆ పద్ధతిలో కులం కట్టుబాటు ఉంది, బేరమాడే హక్కు లేదు. దాన్ని మళ్లీ తెమ్మని మేము అడగడం లేదు. కానీ మేర పోయిన చోట న్యాయమైన కూలి రాలేదు. కొత్త కత్తి చవకని సంతకు పోయాం, కొలిమి చల్లారాక పదును పెట్టేవాడు లేడని ఇప్పుడు వాపోతున్నాం. ఇందులో మన తప్పు కూడా ఉందని ఒప్పుకోవాలి.

2023 సెప్టెంబరు 17న కేంద్రం మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, వాటిలో కమ్మరం ఒకటి. శిక్షణ కాలంలో రోజుకు రూ.500, పనిముట్లకు రూ.15,000, 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో రూ.3 లక్షల వరకు అప్పు ఇస్తామన్నారు. దరఖాస్తుకు మొదటి పరిశీలన గ్రామ పంచాయతీలోనే జరుగుతుంది. పంచాయతీలో మన సభ్యులున్న చోట ఆ కాగితం ఆగకుండా చూడటం మన బాధ్యత. అయితే పనిముట్లు, అప్పు ఇచ్చినంత మాత్రాన కొలిమి నిలవదు. దానికి పని కావాలి. ఆ పని ఇవ్వగలిగింది మనమే.

యంత్రాల అద్దె కేంద్రాలంటే ట్రాక్టరు, రోటవేటరు, హార్వెస్టరు గురించే మాట్లాడుతున్నాం. వాటి పక్కన ఒక నీళ్ల సాన, నాలుగు ఆకురాళ్లు, రెండు జతల కళ్లద్దాలు ఉంచితే అయ్యే ఖర్చు ఎంత? ప్రతి కేంద్రంలో వాటిని ఉంచాలని సంఘం ప్రభుత్వాన్ని కోరుతోంది.

మన వంతుగా చేయాల్సినవి మూడు. ప్రతి గ్రామ శాఖ సీజనుకు ముందే ఊళ్లోని కత్తులు, కొడవళ్లు, గొడ్డళ్లు ఒకచోట చేర్చి, కత్తికి ఇంత అని రేటు మాట్లాడుకుని కమ్మరికి ఒకేసారి పని అప్పగించాలి. డబ్బు పని పూర్తయిన రోజే ఇవ్వాలి. నరికే కూలీలు సొంత కత్తి తెచ్చుకునే చోట పదును ఖర్చు తోట రైతే భరించాలి, ఎందుకంటే ఆ పదును వల్ల బాగుపడేది రైతు కార్శి తోటే. కమ్మరి పక్కన కూర్చుని పని నేర్చుకునే కుర్రాడు ఏ కులం వాడైనా సరే, శిక్షణ రోజుల్లో అతని భోజనం శాఖ చూసుకోవాలి.

వచ్చే నెల సమావేశానికి ప్రతి శాఖ రెండు సంగతులు తెలుసుకుని రావాలి. మీ ఊళ్లో వెలుగుతున్న కొలిములు ఎన్ని? అక్కడికి ఈ సీజనులో మీరు పంపిన కత్తులు ఎన్ని?