సగటు దిగుబడి వెనుక దాగిన రైతు

వర్షాధార వేరుశనగలో చిరుసంచుల ప్రదర్శనల నివేదికలు తరచుగా ఒకే అంకెతో ముగుస్తుంటాయి. అది సగటు దిగుబడి. కేవలం ఆ అంకె ఆధారంగా ఒక రకాన్ని సిఫారసు చేయడం సరికాదని నా అభిప్రాయం.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. తొమ్మిదిమంది రైతుల పొలాలలో మొదటి రకం ఎకరాకు 6, 7, 7, 8, 8, 8, 9, 9, 10 క్వింటాళ్ల చొప్పున, రెండవ రకం 2, 4, 6, 8, 9, 10, 10, 11, 12 క్వింటాళ్ల చొప్పున దిగుబడినిచ్చాయనుకుందాం. రెండింటి సగటూ 8 క్వింటాళ్లే. పట్టికలో ఈ రకాల మధ్య భేదమే కనిపించదు.

అమెరికన్ గణాంక శాస్త్రవేత్త జాన్ టుకీ 1977లో వెలువరించిన గ్రంథం ద్వారా ప్రాచుర్యం పొందిన బాక్స్ ప్లాట్‌ను గీసి చూస్తే విషయం వేరుగా ఉంటుంది. మొదటి రకానికి మధ్యగతం 8, పెట్టె 7 నుంచి 9 వరకు, మీసాలు 6 నుంచి 10 వరకు. రెండవ రకానికి మధ్యగతం 9, పెట్టె 6 నుంచి 10 వరకు, మీసాలు 2 నుంచి 12 వరకు. అంటే రెండవ రకం సగానికి పైగా రైతులకు ఎక్కువే ఇచ్చింది. కాని క్రింది మీసం చివరనున్న రైతుకు రెండు క్వింటాళ్లే మిగిలాయి. అతడు కౌలుదారైతే, ఆ పంటలో కౌలుకే ఎంత పోతుందో విస్తరణ శాస్త్రవేత్తలకు చెప్పనక్కరలేదు. ప్రామాణిక విచలనం చెదురును చెబుతుంది గాని, అది ఏ వైపుకు ఎక్కువగా సాగిందో చెప్పదు.

పెట్టె పొడవుకు ఒకటిన్నర రెట్లు దాటి బయటపడిన బిందువును మా విద్యార్థులు కొందరు వెంటనే తొలగించి, పట్టికను చక్కదిద్దామని సంతోషిస్తారు. ఇది నాకు మింగుడుపడని అలవాటు. ఆ నియమం అనుమానించమని చెబుతుందే తప్ప తుడిచివేయమని కాదు. అంకె నమోదులో పొరపాటా, చౌడు నేలా, ఊడలు దిగే దశలో బెట్టా అన్నది పొలానికి వెళ్లి తేల్చుకోవలసిన విషయం.

మూడు నాలుగు పునరావృతాలున్న ప్రయోగానికి మాత్రం పెట్టె గీయడం వృథా. బిందువులనే చూపితే చాలు. చతుర్థాంశాలను లెక్కించిన పద్ధతిని కూడా చిత్రం క్రింద పేర్కొనాలి. నేను పైన మధ్యగతాన్ని రెండు సగాలలోనూ కలిపాను. ఎక్సెల్ సాధారణంగా దానిని మినహాయిస్తుంది. అప్పుడు ఇవే దిగుబడులకు రెండవ రకం పెట్టె 5 నుంచి 10.5 వరకు వస్తుంది.