ఇన్‌జాగీకి సెరీ బి చిన్నతనం కాదు

పేరున్న మాజీ ఆటగాడిని పెద్దగా అనుభవం లేకుండానే తెచ్చి కోచ్ కుర్చీలో కూర్చోబెట్టడం ఇటలీ పెద్ద క్లబ్బులకు అలవాటైపోయింది. 2020లో యువెంటస్ ఆండ్రియా పిర్లోకు అండర్-23 జట్టును అప్పగించింది. ఆ జట్టు ఒక్క మ్యాచ్ ఆడకముందే, తొమ్మిది రోజులకే సీనియర్ జట్టు పగ్గాలూ ఇచ్చేసింది. ఏడాది తిరగ్గానే సాగనంపింది. ఏసీ మిలాన్ ఇదే పని 2014లో ఐదు నెలల తేడాతో రెండుసార్లు చేసింది: జనవరిలో క్లారెన్స్ సీడార్ఫ్, జూన్‌లో ఫిలిప్పో ఇన్‌జాగీ.

ఇన్‌జాగీ మీద మిలాన్ అభిమానులకున్న మమకారం అంతా ఇంతా కాదు. ఆ క్లబ్బుకు 126 గోల్స్ కొట్టాడు. డ్రిబ్లింగ్ అంతంతమాత్రం, దూరం నుంచి కొట్టే షాట్లు అరుదు. బంతి ఎక్కడ పడబోతోందో మాత్రం అందరికన్నా ముందే పసిగట్టేవాడు. 2007 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో లివర్‌పూల్ మీద కొట్టిన మొదటి గోలే చూడండి. పిర్లో కొట్టిన ఫ్రీకిక్ ఇతని ఒంటికి తగిలి దారి మళ్లింది, గోల్‌కీపర్ రేనా అటు దూకితే బంతి ఇటు పోయింది. రెండోది 82వ నిమిషంలో. కకా అందించిన బంతితో రేనాను దాటేసి, ఇరుకు కోణం నుంచి లోపలికి జార్చాడు. మిలాన్ 2-1తో గెలిచింది.

ఈ పసిగట్టే గుణం ఇంకొకరికి నేర్పగలిగేది కాదు. 2014 నాటికి మిలాన్ దగ్గర పెద్ద ఆటగాళ్లూ లేరు, డబ్బూ లేదు. యూత్ జట్లతో రెండేళ్ల అనుభవమే ఉన్న ఇన్‌జాగీని ముందు నిలబెట్టి, అభిమానుల కోపానికి అతని పేరును అడ్డుపెట్టుకున్నారనే అనిపిస్తుంది. జట్టు పదో స్థానంలో ఆగింది. అతన్ని తీసేశారు.

అసలు కథ ఆ తర్వాతిది. ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉన్నవాడు టీవీ స్టూడియోలో కూర్చుని కాలక్షేపం చేయొచ్చు. ఇన్‌జాగీ 2016లో మూడో డివిజన్‌లో ఉన్న వెనీజియాకు వెళ్లాడు. అభిమానులు పడవెక్కి స్టేడియానికి వచ్చే ఊరది. మొదటి సీజన్లోనే జట్టు గ్రూపులో అగ్రస్థానం సాధించి రెండో డివిజన్ అయిన సెరీ బికి ఎక్కింది, మూడో డివిజన్ కప్పూ గెలిచింది. మరుసటి ఏడాది సెరీ బిలో ఐదో స్థానం.

అక్కడి నుంచి అతని కెరీర్ ఎక్కుతూ దిగుతూనే సాగింది. బొలోన్యాలో సగం సీజనే. బెనెవెంతోను మాత్రం 2020లో ఇంకా ఏడు మ్యాచ్‌లు మిగిలుండగానే పై డివిజన్ అయిన సెరీ ఎకి చేర్చాడు, మొత్తం 86 పాయింట్లు. మరుసటి మార్చిలో అదే జట్టు టురిన్ వెళ్లి, అప్పటికి పిర్లో కోచ్‌గా ఉన్న యువెంటస్‌ను 1-0తో ఓడించింది. అయినా సీజన్ చివరికి కిందికి జారింది. రెజీనాను ప్లేఆఫ్‌కు చేర్చాక ఆ క్లబ్బు ఆర్థిక చిక్కుల్లో పడి లీగ్‌కే దూరమైంది. సలెర్నితానాలో నాలుగు నెలలకే ఉద్వాసన.

ఇక్కడే విమర్శకులు తమ్ముడు సిమోనేను పక్కన నిలబెడతారు. నిజమే, ఆటగాడిగా అన్న నీడలోనే ఉన్న సిమోనే ఇంటర్‌కు 2024లో లీగ్ టైటిల్ తెచ్చాడు, రెండుసార్లు ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడించాడు. కానీ సిమోనేకు మొదటి పెద్ద అవకాశం లాజియోలో వచ్చింది. అప్పటికే అతను అక్కడి యూత్ జట్లతో ఏళ్లు గడిపాడు, క్లబ్బు కూడా ఓపిక పట్టింది. అన్నకు మిలాన్ ఒక్క సీజన్‌తో సరిపెట్టింది. ఇద్దరినీ ఒకే తూకంలో వేయడం న్యాయం కాదు.

పై డివిజన్‌లో ఫిలిప్పో నిలదొక్కుకోలేదన్నది దాచాల్సిన సంగతేమీ కాదు. అయితే సెరీ బి చిల్లర లీగ్ కాదు. ఇరవై జట్లు, 38 మ్యాచ్‌లు, నేరుగా పైకెళ్లేది రెండే. 2025 మేలో అతను పీసాను అలా పైకి చేర్చినప్పుడు ఆ ఊరు సెరీ ఎ చూసి 34 ఏళ్లయింది. ఇలాంటి పని పదేపదే చేసి చూపిన కోచ్‌ను విఫలుడనడం ఏ లెక్క?

ఆ విజయం చేతిలో ఉండగా పీసాతోపాటు సెరీ ఎలో కొనసాగి ఉండొచ్చు. ఇన్‌జాగీ అది వదులుకుని, మళ్లీ సెరీ బిలోనే ఉన్న పలెర్మోకు సంతకం చేశాడు. పీసాలో అతని కుర్చీ ఆల్బెర్తో గిలార్దినోకు దక్కింది. అతనూ స్ట్రైకరే, అతనూ మిలాన్‌లో ఆడినవాడే. కానీ సెరీ ఎకి వచ్చేలోపే జెనోవాను సెరీ బి నుంచి పైకి తెచ్చి ఆ పని నేర్చుకుని వచ్చాడు.