ఇసుక మీద పచ్చిక : చెర్రీ కౌంటీ

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లివచ్చే మన సభ్యులు నయాగరా చూశామనీ, న్యూయార్కు చూశామనీ చెబుతారు. ఊళ్లు లేని ప్రదేశం చూశామని చెప్పేవారు తక్కువ. అటువంటిదొకటి ఈ నెల పరిచయం చేస్తున్నాను. అది నెబ్రాస్కా రాష్ట్రంలోని చెర్రీ కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా వంటిది.

విస్తీర్ణం సుమారు 15,500 చదరపు కిలోమీటర్లు. 2020 జనాభా లెక్కల్లో తేలిన జనం 5,455. మన యానాంలో 30 చదరపు కిలోమీటర్లలో 2011 నాటికే యాభై అయిదు వేలమంది ఉన్నారు! ఆ కాస్త జనంలోనూ దాదాపు సగం ముఖ్యపట్టణమైన వాలెంటైన్‌లోనే ఉంటారు. మిగిలినదంతా పశువుల మేతబీళ్లు. కౌంటీ తూర్పు భాగానికి ఒక కాలమానం, పడమటి భాగానికి గంట వెనుకగా మరొకటి.

ఆ నేల చాలావరకు ఇసుక దిబ్బలే. అయినా ఎడారి కాదు, దిబ్బలను గడ్డి కప్పివుంది. వాననీరు ఇసుకలో ఇంకి అడుగున ఓగలాలా అనే భూగర్భ జలనిధిని చేరుతుంది. పల్లాల్లో ఆ నీరే చెరువులై పైకి కనిపిస్తుంది. గాలిమరలు దానినే తోడి పశువుల తొట్లు నింపుతాయి. 1904లో కింకెయిడ్ చట్టం కింద 640 ఎకరాల చొప్పున ఇస్తామంటే ఎందరో వచ్చి నాగలి పట్టారు. గడ్డివేరు తెగగానే ఇసుక గాలికి లేచింది. చాలామంది అమ్ముకొని పోయారు. ఆ భూములు పశువుల ఆసాముల చేతికి వచ్చాయి. నేటికీ అక్కడి ఆసామి ముందు కాపాడుకొనేది గడ్డిని, ఆ తరువాతే పశువును. కనుక కారును బాట దించి దిబ్బ ఎక్కించవద్దు. చక్రం కింద గడ్డి చిరిగినచోట గాలి గుంట తవ్వుతుంది. అది మళ్లీ పచ్చబడడానికి ఏళ్లు పడుతుంది.

ఖాళీగా కనిపించినా చాలా బీళ్లకు యజమానులున్నారు. అడగనిదే కంచె దాటరాదు. గేటు మూసివుంటే మూసి, తెరచివుంటే తెరచి వదలాలి. మీకెన్ని పశువులని అడగడం మనలో జీతమెంత అని అడగడం వంటిది. (మనవాళ్లు రైలులో అదీ అడుగుతారనుకోండి.)

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ పశువులు పాడికి కాదు, మాంసానికి. నల్లని ఆంగస్, ఎర్రని హెర్‌ఫర్డ్ జాతులవి. మన ఒంగోలు రక్తం కలిసిన బ్రాహ్మన్ జాతి టెక్సాస్ వంటి వేడి నేలలది. వసంతంలో దూడలకు ముద్రవాతలు వేసేనాడు ఇరుగుపొరుగు అంతా సాయానికి వస్తారు, మన పల్లెల్లో బదులుకు పోయినట్లే. చూడలేనివారు ఆ వేళకు పోకపోవడం మంచిది. పోయి ధర్మపన్నాలు చెప్పడం మర్యాద కాదు. శాకాహారులు తినేవి వెంట తీసుకుపోవాలి.

వేసవే అనువైన కాలం. చలికాలంలో మంచుతుఫానులు వస్తాయి. ఫోర్ట్ నయోబ్రారా శరణాలయంలో బైసన్ అనే అడవిదున్నల మందలున్నాయి. అది 1912లో ఏర్పడింది. స్మిత్ జలపాతం ఎత్తు 63 అడుగులు. నదుల్లో పశువుల తొట్టినే పడవ చేసుకొని తేలుతూ పోవడం అక్కడివారి వినోదం.

ఒమహా నుండి సుమారు 300 మైళ్లు. పెట్రోలు నిండుగా పోయించుకోండి. ఎదురువచ్చే బండిమనిషి స్టీరింగు మీదనుండి వేలొకటి ఎత్తితే అది పలకరింపు, మీరూ ఎత్తండి.