ముందు యంత్రం మాట విందాం

గల్ఫ్ దేశంలో ఉద్యోగం చేస్తున్న కుమారునికి కడప నుంచో నిజామాబాదు నుంచో తల్లి ఫోను చేసి, 'ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోంది, చెల్లెలి చదువుకు ఇబ్బందిగా ఉంది' అని చెప్పడం మన ఇళ్ళలో అరుదైన సంగతి కాదు. కుమారుడు ఎక్కువగా ఇచ్చే జవాబు, 'పాతబడిపోయింది అమ్మీ, డబ్బు పంపుతాను, కొత్తది కొనండి' అనేదే. నాడి చూడకుండా మందు రాయడం లాంటిది ఇది. కష్టార్జితం ఖర్చు చేయడానికి ముందు ఆ యంత్రంలో ఏమేమి ఉన్నాయో తెలుసుకోవడానికి పది నిమిషాలు చాలు.

ఈ విషయంలో ఇంట్లోవారి జ్ఞాపకం మీద ఆధారపడకూడదు. 'మెమరీ ఎంత?' అని అడిగితే 'ఐదు వందల జీబీ' అని సమాధానం వస్తుంది. అది డిస్కు పరిమాణం. డిస్కు పుస్తకాల బీరువా వంటిది. ర్యామ్ చదువుకునే బల్ల వంటిది. బల్ల చిన్నదైతే మాటిమాటికీ లేచి బీరువా దగ్గరకు వెళ్ళవలసి వస్తుంది. బీరువా ఎంత పెద్దదైనా ఆ తిరుగుడు తప్పదు. మూత మీద అంటించిన 'ఐ5' అనే స్టిక్కరు కూడా పూర్తి సమాచారం ఇవ్వదు. ఐ5-3210ఎం మూడవ తరం ప్రాసెసర్, దానిలో రెండు కోర్లు. ఐ5-8250యూ ఎనిమిదవ తరం, దానిలో నాలుగు. స్టిక్కరు మీద మాత్రం రెండూ 'ఐ5'లే.

కనుక యంత్రం చేతనే చెప్పించాలి. విండోస్ కంప్యూటరైతే ఫోనులో ఇలా చెప్పవచ్చు: 'అమ్మీ, కీబోర్డు కింది వరుసలో ఎడమవైపు కిటికీ బొమ్మ ఉన్న మీట ఉంటుంది. దానిని నొక్కి పట్టుకొని ఆర్ అక్షరం నొక్కండి. చిన్న గడి తెరుచుకుంటుంది. అందులో ఎం, ఎస్, ఐ, ఎన్, ఎఫ్, ఓ, ఆ వెంటనే 32 అంకె, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి.' అప్పుడు వచ్చే పట్టికను ఇంగ్లీషు రాని తల్లి చేత అక్షరం అక్షరం చదివించి విసిగించడం ఎందుకు? ఫోనుతో తెరను ఫోటో తీసి పంపమంటే సరిపోతుంది. సిస్టమ్ మోడల్, ప్రాసెసర్, ఇన్‌స్టాల్డ్ ఫిజికల్ మెమరీ అనే మూడు వరుసలు స్పష్టంగా పడాలి. దాని కిందనే ఉండే 'టోటల్' అంకె కొంచెం తక్కువగా కనిపిస్తే దుకాణదారు మోసం చేశాడని అనుకోనక్కరలేదు. కొంత మెమరీని యంత్రం తన అవసరాలకు పక్కన పెట్టుకుంటుంది. ఆ పట్టికలో యూజర్ పేరు, కంప్యూటరు పేరు కూడా ఉంటాయి కనుక ఆ ఫోటోను పరాయివారికి పంపవద్దు.

తరువాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. దాని పర్ఫార్మెన్స్ విభాగంలో మెమరీని ఎంచుకుంటే 'స్లాట్స్ యూజ్డ్' అనే మాట ఉంటుంది. మొత్తం 4 జీబీ, రెండు స్లాట్లలో ఒకటే వాడుకలో ఉందని తెలిస్తే మరొక ర్యామ్ ముక్క చేర్చే వీలు చాలావరకు ఉన్నట్టే. అయితే కొన్ని మోడళ్ళలో ర్యామ్‌ను బోర్డుకే అతికించి ఉంచుతారు. మోడల్ పేరుతో తయారీదారు వివరాలు చూసి నిర్ధారించుకోవాలి. డిస్కు పక్కన హెచ్‌డీడీ అని ఉంటే, దాని స్థానంలో ఎస్ఎస్‌డీ వేయించడం వల్ల కలిగే మార్పు ఇంట్లో అందరికీ కనిపిస్తుంది. ఈ రెండు మరమ్మతులకూ అయ్యే ఖర్చు సాధారణంగా కొత్త ల్యాప్‌టాప్ ధరకు దరిదాపులలో ఉండదు.

ఒక్క విషయంలో మాత్రం పాత యంత్రం చిక్కు పెడుతుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కుతో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా భాగం కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదవ తరం నుంచే అనుమతి. ప్రాసెసర్ పూర్తి సంఖ్య కావాలనడం అందుకే.

అసలు తెర వెలగకపోతే? ల్యాప్‌టాప్ అడుగున ఉన్న చీటీ మీద మోడల్, సీరియల్ సంఖ్యలు ఉంటాయి. వాటితో తెలిసేది అమ్మిన నాటి సంగతి మాత్రమే. ఆ తరువాత ఎవరైనా ర్యామ్ మార్చి ఉంటే ఆ చీటీకి తెలియదు.

పైన చెప్పిన పనులలో దేనికీ కంప్యూటరు అదుపును మరొకరి చేతికి ఇవ్వనవసరం లేదు. ఈ మాట తల్లిదండ్రులకు గట్టిగా చెప్పి ఉంచాలి. 'మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ కంప్యూటరులో వైరస్ ఉంది' అంటూ తనంతట తాను ఫోను చేసేవాడు మోసగాడే. వాడు ఈవెంట్ వ్యూయర్ తెరిపించి ఎర్ర గుర్తులు చూపిస్తాడు. ఆరోగ్యంగా ఉన్న యంత్రంలోనూ అవి ఉంటాయి. ఎనీడెస్క్ వంటివి వేయించి తెరను చేజిక్కించుకున్నాక బ్యాంకు ఖాతా వైపు తిరుగుతాడు. అంతవరకూ వచ్చిందంటే వెంటనే ఇంటర్నెట్ తెంచి, బ్యాంకుకూ, 1930 నంబరుకూ ఫోను చేయాలి. కన్నబిడ్డకు తెర అప్పగించవలసి వచ్చినా, ఫోనులో గొంతు గుర్తుపట్టాకే కోడ్ చెప్పాలి. పని ముగిశాక కలయికను తెంచేయాలి.

మోడల్, ప్రాసెసర్, ర్యామ్, డిస్కు రకం, చూసిన తేదీ, ఈ అయిదింటినీ ఒక కాగితం మీద రాయించి ల్యాప్‌టాప్ సంచిలో పెట్టించండి. మరమ్మతుకు ఇచ్చేముందు ఒకసారి, తెచ్చుకున్నాక మరొకసారి ఆ కాగితాన్ని తెరతో సరిచూసుకోవచ్చు.