మేడి పట్టే చెయ్యి ఎక్కడుంది?



కిందటి నెలలో మనం తులాదండం గురించి చెప్పుకున్నాము. చిన్న బలంతో పెద్ద బరువు ఎత్తటం ఎట్లాగో తెలుసుకున్నారు గదా! ఈ నెల అంతకంటె చిత్రమైన సంగతి చూద్దాము. బరువు ఎత్తటమే గాక, ఎప్పుడు ఎత్తాలో, ఎంత ఎత్తాలో, ఎప్పుడు దించాలో తనంతట తానే చూచుకొనే యంత్రం ఒకటున్నది. దాన్ని చూడటానికి మీరు పట్నం పోనక్కరలేదు. మీ ఊళ్లో ట్రాక్టరు ఉంటే చాలు.

ఇంజను ఆపి ఉన్నప్పుడు, పెద్దవాళ్లను వెంటబెట్టుకొని, ట్రాక్టరు వెనుక భాగం చూడండి. కింద కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి రెండు ఇనుప చేతులు ఉంటాయి. వాటికి పైన, మధ్యగా, మూడో కడ్డీ ఒకటి ఉంటుంది. నాగలిగాని, గొర్రుగాని ఈ మూడింటికే తగిలిస్తారు. రైతులు దీన్ని లిఫ్టు అంటారు. కంపెనీల పుస్తకాలలో త్రీ పాయింట్ లింకేజి అని ఉంటుంది. మూడు చోట్ల పట్టుకొనే కొక్కెం అన్నమాట. ఆ పైకడ్డీని మరచిపోకండి. ఈ కథలో అసలు నాయకుడు అదే.

ముందు ఎడ్ల నాగలి సంగతి చూద్దాము. ఎడ్లు కాడి లాగుతాయి. వెనక రైతు మేడి పట్టుకొని నడుస్తాడు. చూచేవాళ్లకు ఆయన ఊరికే నడుస్తున్నట్టు కనిపిస్తుంది. కాని ఆయన అరచెయ్యి ఒక్క క్షణం కూడా ఊరుకోదు. గట్టినేల తగిలి కర్రు బిగిస్తే, ఎడ్లు ఆయాసపడకముందే ఆ సంగతి మేడిలోనుంచి చేతికి తెలుస్తుంది. వెంటనే కర్రును కాస్త తేలుస్తాడు. మెత్తని నేల వస్తే మేడిని నొక్కి లోతుకు దింపుతాడు. నేల కర్రుకు చెపుతుంది, కర్రు మేడికి చెపుతుంది, మేడి చేతికి చెపుతుంది. చెయ్యి తిరిగి కర్రుకు ఆజ్ఞ ఇస్తుంది.

ఇక ఎడ్లను తీసివేసి ట్రాక్టరు పెట్టారనుకోండి. డ్రైవరు ముందుకు చూస్తూ కూర్చుంటాడు. మేడి పట్టుకొనే చెయ్యి ఏదీ?

మొదటి రోజులలో ఈ ప్రశ్నను ఎవరూ అంతగా పట్టించుకోలేదు. ఎడ్లకు కట్టినట్టే ట్రాక్టరు వెనక గొలుసుతోనో కొక్కెంతోనో నాగలిని కట్టి లాగించేవారు. దానితో రెండు కష్టాలు వచ్చిపడ్డాయి. ఒకటి, నాగలి లోతు సరిచేయటానికి దాని మీద చక్రాలూ మీటలూ పెట్టవలసివచ్చింది, నాగలి బరువెక్కింది. రెండోది చాలా ఘోరమైనది. నాగలి ఏ రాతికో, చెట్టు వేరుకో తట్టుకొని ఆగిపోయిందనుకోండి. వెనుక చక్రాలు కదలవు. ఇంజను మాత్రం ఇరుసును తిప్పాలనే చూస్తుంది. చక్రాలు తిరగనప్పుడు ఏమి తిరుగుతుంది? ట్రాక్టరే ఆ ఇరుసు చుట్టూ తిరగటం మొదలుపెడుతుంది! ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. డ్రైవరు క్లచ్చి తొక్కేలోపలే బండి వెల్లకిలా పడుతుంది. ఇట్లా ఎందరో డ్రైవర్లు తమ ట్రాక్టర్ల కిందనే ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఈ కష్టానికి విరుగుడు కనిపెట్టినవాడు హారీ ఫెర్గూసన్. ఈయన 1884లో ఐర్లండు ఉత్తరభాగంలో, కౌంటీ డౌన్ అనే చోట, రైతు కుటుంబంలో పుట్టాడు. యంత్రాలంటే పిచ్చి. 1909 డిసెంబరు 31న తాను తయారుచేసిన విమానంలో ఎగిరాడు. ఐర్లండులో విమానం ఎగరటం అదే మొదలు. మొదటి ప్రపంచయుద్ధంలో తిండిగింజలకు కరువు వచ్చినప్పుడు, 1917లో, ట్రాక్టర్లతో దున్నకం ఎట్లా సాగుతున్నదో చూచే పని ఆయనకు అప్పగించారు. ఆయన పొలం పొలం తిరిగాడు. నాగలినీ ట్రాక్టరునూ వేరువేరుగా చూచినంతకాలం ఈ చిక్కు వీడదని గ్రహించాడు. రెండూ ఒకే శరీరంలాగా ఉండాలి. అందుకోసం ఏళ్ల తరబడి పాటుపడి, 1925లో, దున్నే లోతును దానంతట అదే సరిచేసుకొనే ఏర్పాటుకు పేటెంటు కోరుతూ దరఖాస్తు పెట్టాడు.

ఆ ఏర్పాటు ఎట్లా పనిచేస్తుందో చూద్దాము.

మీరు పరుగెత్తుతుండగా కాలికి రాయి తగిలితే ఏమవుతుంది? కాలు ఆగిపోతుంది, తల ముందుకు తూలుతుంది. నాగలికీ అంతే. కింద కర్రును నేల పట్టి ఆపుతుంది. కింది చేతులు రెండూ దాన్ని ముందుకు లాగుతూ ఉంటాయి. అప్పుడు నాగలి తల ముందుకు తూలబోతుంది. కాని ఆ తల దగ్గర పైకడ్డీ ఉన్నది గదా! నాగలి తల ఆ కడ్డీని ట్రాక్టరు వైపుకు నెడుతుంది. నేల ఎంత గట్టిగా పట్టుకుంటే, కడ్డీ అంత గట్టిగా నెట్టబడుతుంది. అనగా, నేల చెప్పే కబురు ఇప్పుడు మేడికి బదులు ఈ కడ్డీలోనుంచి వస్తున్నది.

కబురు వచ్చింది, సరే. అందుకొనేది ఎవరు? కడ్డీకి అవతల, ట్రాక్టరు వెనుక భాగంలో, బలమైన స్ప్రింగు ఒకటి ఉంటుంది. కడ్డీ నెట్టితే స్ప్రింగు నొక్కుకుంటుంది. స్ప్రింగు కదిలితే దానికి తగిలించిన కవాటం కదులుతుంది. కవాటం కదిలితే నూనెకు దారి తెరుచుకుంటుంది.

ఈ నూనె ఎందుకు? సీసాలో పోసిన నూనెను ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమంగా పాకుతుందని ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు పాస్కల్ పదిహేడో శతాబ్దంలోనే చెప్పాడు. ఒక చదరపు సెంటీమీటరు ముషలకం మీద 10 కిలోల బరువుతో నొక్కామనుకోండి. ఆ నూనెకే తగిలించిన ఇంకో ముషలకం 50 చదరపు సెంటీమీటర్లు ఉంటే, అది 500 కిలోలు ఎత్తుతుంది. అయితే ప్రకృతి ఎవరికీ ఉచితంగా ఏదీ ఇవ్వదు. పెద్దది ఒక సెంటీమీటరు లేవాలంటే చిన్నది 50 సెంటీమీటర్లు దిగాలి. కిందటి నెల తులాదండం దగ్గర చూచిన లెక్కే ఇది! ట్రాక్టరులో ఇంజనుతో తిరిగే పంపు ఈ పని చేస్తుంది. నూనె వెళ్లి ముషలకాన్ని నెడితే ఇనుప చేతులు లేస్తాయి. నూనెను బయటికి వదిలితే దిగుతాయి.

ఇప్పుడు అంతా కలిపి చూడండి. గట్టినేల వచ్చింది, కడ్డీ స్ప్రింగును నొక్కింది, కవాటం తెరుచుకున్నది, నూనె నాగలిని కాస్త ఎత్తింది. ఎత్తగానే నేల పట్టు తగ్గింది, స్ప్రింగు సాగింది, కవాటం మూసుకున్నది. నాగలి అక్కడే నిలిచింది. మెత్తని నేల వస్తే అంతా దీనికి తలకిందులు. డ్రైవరు చేయవలసిందల్లా, ఇంత పట్టు ఉండాలి అని మొదట మీటతో నిర్ణయించి పెట్టటమే.

చేసిన పని ఫలితాన్ని చూచుకొని, దాన్నిబట్టి మళ్లీ పనిని సరిచేసుకోవటాన్ని ఇంజనీర్లు ఫీడ్‌బ్యాక్ అంటారు. మనం తిరుగు కబురు అనుకోవచ్చు. నీళ్ల బిందె నెత్తిన పెట్టుకొని నడిచే అమ్మను చూడండి. బిందె ఇటు ఒరిగితే మెడ అటు సర్దుకుంటుంది. ఆమె ఆలోచించి చేసే పని కాదది. తిరుగు కబురు అందుతూ ఉండటమే దాని రహస్యం.

మరి ట్రాక్టరు తిరగబడటం సంగతి? అక్కడే ఫెర్గూసన్ తెలివి చూడండి. కడ్డీ తోపు ట్రాక్టరుకు ఇరుసుకంటె పైన తగులుతుంది. పైన ముందుకు తోస్తే ట్రాక్టరు ముక్కు కిందికి వంగుతుందేగాని పైకి లేవదు. ఏ నాగలి డ్రైవరును వెల్లకిలా పడవేసేదో, ఆ నాగలే ఇప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలను నేలకు అదిమి పట్టుతున్నది! పైగా నాగలి భారం వెనుక చక్రాల మీద పడి వాటికి పట్టు వస్తుంది. అందువల్ల తేలికపాటి ట్రాక్టరు కూడా బరువైన పని చేయగలిగింది.

1936లో ఈ ఏర్పాటు ఉన్న ట్రాక్టర్లు ఇంగ్లండులో అమ్మకానికి వచ్చాయి. 1938లో ఫెర్గూసన్ అమెరికా వెళ్లి మోటారు కార్ల హెన్రీ ఫోర్డుకు తన ట్రాక్టరును చూపించాడు. ఇద్దరూ కాగితం మీద సంతకాలు లేకుండా, చేతిలో చెయ్యి వేసి ఒప్పందం చేసుకున్నారు. 1939లో వారి ట్రాక్టరు వెలువడింది. 1947లో ఫోర్డు చనిపోయాడు. ఆయన తరువాతి వారితో పొత్తు చెడి, సంగతి న్యాయస్థానానికి ఎక్కింది. చివరకు 1952లో ఫెర్గూసన్‌కు 92 లక్షల 50 వేల డాలర్లు ముట్టాయి. స్నేహం గొప్పదే, అయినా లెక్క కాగితం మీద ఉండాలని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇంగ్లండులోని కావెంట్రీలో 1946 నుంచి 1956 వరకు ఫెర్గూసన్ చిన్న ట్రాక్టర్లు ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఎవరెస్టు ఎక్కిన హిల్లరీ 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరింది ఈ రకం ట్రాక్టర్ల మీదనే! 1953లో ఫెర్గూసన్ తన కంపెనీని మాసీ హారిస్ కంపెనీతో కలిపివేశాడు. 1960లో మద్రాసులో ట్రాక్టర్స్ అండ్ ఫార్మ్ ఎక్విప్‌మెంట్ అనే సంస్థ ఏర్పడి, మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లను మన దేశంలోనే తయారుచేయసాగింది. ఫెర్గూసన్ చనిపోయింది కూడా ఆ సంవత్సరమే.

ఈనాడు మన వరిపొలాలలో ఇదే సూత్రం ఇంకో వేషంలో కనిపిస్తుంది. నేల చదును చేసే లేజరు యంత్రాన్ని మీలో కొందరు చూచే ఉంటారు. గట్టు మీద మూడుకాళ్ల పీట ఎక్కిన దీపం ఒకటి గిర్రున తిరుగుతూ పొలమంతటా ఒకే మట్టంలో లేజరు కిరణాన్ని చిమ్ముతుంది. ట్రాక్టరు వెనుక మట్టి గీకే తొట్టి మీద ఒక గడ, గడ మీద ఆ కిరణాన్ని పట్టే కన్ను ఉంటాయి. తొట్టి గుంటలోకి దిగితే కిరణం కన్నుకు పైభాగాన తగులుతుంది. వెంటనే కవాటం తెరుచుకొని తొట్టి లేస్తుంది. అందులోని మట్టి గుంటలో పడుతుంది. మిట్ట ఎక్కితే కిరణం కింద తగులుతుంది. తొట్టి దిగి మట్టి గీకుతుంది. ఫెర్గూసన్ స్ప్రింగు చేసిన పనిని ఇక్కడ వెలుగు చేస్తున్నది. చదునైన మడిలో నీరు అంతటా ఒకే ఎత్తున నిలుస్తుంది. నీరు ఆదా, పైరు సమం.

ఇక ఒక ముఖ్యమైన మాట. పిల్లలూ, తల్లిదండ్రులూ కూడా శ్రద్ధగా చదవాలి. తనంతట తాను పనిచేసే యంత్రానికి అన్నీ తెలుసుననుకోకండి. దానికి తెలిసేది ఒక్కటే: మనం దేన్ని కొలవమన్నామో అది. స్ప్రింగుకు తోపు తెలుసును. కింద మనిషి కాలు ఉన్నదని తెలియదు. ఎత్తి ఉన్న నాగలి కిందికి, గొర్రు కిందికి ఎన్నడూ పోరాదు. నూనె కారినా, ఎవరైనా మీట తాకినా అది దిగిపోతుంది. బండి ఆపేముందు పనిముట్టును నేలకు దించి తీరాలి. మోడు పీకటానికి, బండి లాగటానికి తాడును పైకడ్డీ దగ్గరగాని ఇరుసుకుగాని కట్టరాదు. అట్లా కడితే పైన చెప్పిన పాత ప్రమాదం మళ్లీ తిరిగి వస్తుంది. దమ్ములో ట్రాక్టరు దిగబడినప్పుడు చక్రాలకు దుంగ కట్టి ముందుకు లాగించటమూ అంతే. వెనక్కి నడిపి చూడాలి. రాకపోతే ఇంకో ట్రాక్టరుతో లాగించాలి. పిల్లలు మడ్‌గార్డు మీద, కొక్కెం మీద ఎక్కి సవారీ చేయనే కూడదు.

ఇప్పుడు మీకొక పని. సూదులు లేని కొత్త సిరంజీలు రెండు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, తెచ్చుకోండి. చిన్న ప్లాస్టిక్ గొట్టంతో రెండింటినీ కలిపి, గాలి లేకుండా నీళ్లు నింపండి. మీరు చిన్నదాన్ని నొక్కండి. మీ తమ్ముణ్ణి పెద్దదాన్ని నొక్కమనండి. ఎవరు గెలుస్తారో, ఎవరి ముషలకం ఎక్కువ దూరం కదిలిందో స్కేలుతో కొలిచి రాసుకోండి.

చివరగా ఒక ప్రశ్న. ఒకే చెక్కలో సగం గట్టి నల్లరేగడి, సగం ఇసుక నేల ఉన్నాయి. డ్రైవరు మీట కదపకుండా మొత్తం దున్నాడు. ఏ సగంలో నాగలి ఎక్కువ లోతుకు దిగి ఉంటుంది? ఎందువల్ల? యంత్రం కొలుస్తున్నది లోతునా, నేల పట్టునా అన్నది గుర్తుపెట్టుకొని ఆలోచించండి. మీ ఊళ్లో ట్రాక్టరు నడిపే అన్నయ్యను కూడా అడగండి. జవాబు వచ్చే నెలలో చూచుకుందాము.